తూటా కూడా ఒక బొంగరమే

మా ట్రంకుపెట్టె అడుగున, పదో తరగతి మార్కుల మెమోతో పాటు, నాలుగు మడతలు పెట్టిన ఒక టార్గెట్ కాగితం ఉంది. దాని మీద అయిదు బెజ్జాలు ఉన్నాయి. మూడు గుండ్రంగా, కందిగింజంత ఉన్నాయి. మిగతా రెండు గుండ్రంగా లేవు. పక్కకు సాగి, తాళంచెవి దూర్చే బెజ్జాల్లా ఉన్నాయి.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు కవిత రాద్దామా, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా అని చాలా ఆలోచించాం. కవితలు మన సంచికలో ప్రతి ఏడూ బోలెడు వస్తాయి. జ్ఞాపకాలు రాస్తే నీళ్ళ చారు దగ్గర మొదలై నీళ్ళ చారు దగ్గరే ఆగిపోతాయి. అందుకని ఈ కాగితం గురించే రాద్దామనుకున్నాం. ఇందులో కొంచెం భౌతికశాస్త్రం ఉంది, కొంచెం చరిత్ర ఉంది, మా మిత్రుడొకడి కథా ఉంది. తమ్ముళ్ళు ఓపిగ్గా చదవాలని మనవి.

మేమంటే, ఈ హాస్టల్లో ఒకే హాలులో పక్కపక్కన ట్రంకుపెట్టెలు పెట్టుకుని పెరిగిన వాళ్ళం, మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం. కాలేజీలో చేరాక ఖాకీ యూనిఫాం ఇస్తారని, పరేడ్ తరువాత టిఫిను పెడతారని క్యాడెట్లుగా చేరాం. నిజం చెప్పుకోవడానికి సిగ్గెందుకు! రెండో సంవత్సరం శిక్షణ శిబిరంలో ఫైరింగు పెట్టారు. .22 రైఫిలు, 25 గజాల దూరం, బోర్లా పడుకుని అయిదు రౌండ్లు. బాగా కాల్చినవాళ్ళను పై స్థాయి ఫైరింగ్ జట్టుకు తీసుకుంటారు. ఆ జట్టులో ఆడిన సర్టిఫికెట్టు ఉంటే రేపు యూనిఫాం ఉద్యోగాలకు పనికొస్తుందని అందరి ఆశ.

మాలో గురి ఉన్నవాడు ఒక్కడే. వాడు మామిడి కాయను తొడిమ దగ్గర రాయితో కొట్టగలడు. వాడు కాల్చిన అయిదింటిలో మూడు ఒక రూపాయి బిళ్ళ కింద కప్పెయ్యవచ్చు. రెండు మాత్రం జానెడు దూరంలో, ఒకటి పైన, ఒకటి కుడిపక్కన తగిలాయి. కాగితం చూసిన శిక్షకుడు, “చెయ్యి వణికింది. ట్రిగ్గర్ గుంజేశావు” అన్నాడు. అంతే. జట్టులో వాడి పేరు రాలేదు. వాడు ఏమీ అనలేదు. కాగితం పడేయబోతుంటే మేమే తీసి దాచాం.

నాలుగేళ్ళ తరువాత ఎం.ఎస్సీ. ఫిజిక్సులో తిరిగే వస్తువుల గురించి చదువుతున్నప్పుడు ఆ కాగితం గుర్తొచ్చింది. చెయ్యి వణికితే బెజ్జం పడే చోటు మారుతుంది. బెజ్జం ఆకారం ఎందుకు మారుతుంది?

చాక్‌పీసు, బాణం, బొంగరం

వెనక బెంచీలో మాట్లాడుతుంటే సారు విసిరిన చాక్‌పీసు మనందరికీ అనుభవమే. అది ఎప్పుడూ సూదిలా తిన్నగా రాదు, పల్టీలు కొడుతూ వస్తుంది. పొడుగ్గా ఉండే వస్తువు గాలిలో వేగంగా పోతున్నప్పుడు గాలి దాని ముందు భాగాన్ని ఎక్కువగా తోస్తుంది. ఆ తోపు కలిసిపడే చోటు వస్తువు గురుత్వ కేంద్రం కంటే ముందు ఉంటే, ముక్కు ఏ కొంచెం పక్కకు తిరిగినా గాలి దాన్ని ఇంకా తిప్పేస్తుంది. చివరికి అడ్డంగా పడుతుంది.

బాణానికి ఈ బాధ లేదు. వెనక ఈకలు కట్టడం వల్ల గాలి తోపు గురుత్వ కేంద్రానికి వెనక పడి, తోక ముక్కును సరిచేస్తూ ఉంటుంది. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ గుళికకు కూడా నడుము సన్నంగా, వెనక లంగాలాంటి అంచు ఉంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల పోటీలో కాంస్యం తెచ్చింది అలాంటి గుళికతోనే. రైఫిల్ తూటా అలా కాదు. దానికి ఈకలు లేవు, ముక్కు సన్నం, బరువు వెనక. అంటే పల్టీ కొట్టడానికి అన్ని లక్షణాలూ ఉన్న వస్తువు. దాన్ని నిలబెట్టేది ఒక్కటే, గిరగిరా తిరగడం.

బొంగరం చూడండి. ఆగి ఉన్న బొంగరాన్ని ముల్లు మీద నిలబెట్టడం బ్రహ్మతరం కాదు. తిప్పి వదిలితే నిలబడుతుంది. తిరుగుతున్న వస్తువును పక్కకు తోస్తే అది తోసిన వైపు పడదు, దానికి అడ్డంగా తొంభై డిగ్రీల వైపు జరుగుతుంది. అలా జరుగుతూ జరుగుతూ తల గుండ్రంగా ఒక చుట్టు చుట్టి మళ్ళీ మొదటి చోటికి వస్తుంది. దీన్ని మేము వాచ్‌మన్ తాత సైకిలు ముందు చక్రం ఊడదీసి పరీక్షించాం. ఇరుసుకు ఒక కొసన తాడు కట్టి వేలాడదీసి, చక్రాన్ని గట్టిగా తిప్పి వదిలితే, అది కింద పడకుండా నిలువుగానే ఉండి తాడు చుట్టూ నెమ్మదిగా ప్రదక్షిణం చేస్తుంది. చూసి తాత చక్రానికి దయ్యం పట్టిందన్నాడు. మళ్ళీ బిగించి ఇచ్చేదాకా తిట్టాడు.

తూటా విషయంలో నేల బదులు గాలి, భూమ్యాకర్షణ బదులు గాలి తోపు. గాలి ముక్కును పైకి ఎత్తబోతే ముక్కు పక్కకు జరిగి, చిన్న చుట్టు చుట్టి, మళ్ళీ తిన్నగా అవుతుంది. ఒక తేడా మాత్రం ఉంది. బొంగరం ముల్లు నేలకు రాసుకుని త్వరగా తిరుగుడు పోగొట్టుకుంటుంది. తూటాకు ఆ రాపిడి లేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

గాళ్ళు, కొవ్వు, 1857

తూటాను తిప్పేది తుపాకీ గొట్టం లోపల మెలికగా చెక్కిన గాళ్ళు. రైఫిలు అన్న పేరే వాటి వల్ల వచ్చింది. అంతకు ముందు మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది, గుండ్రటి సీసపు గుండు వాడేవారు. గుండ్రటిది కనుక పల్టీ అన్న మాట లేదు గానీ, గొట్టం గోడలకు తగులుతూ బయటికి వచ్చేటప్పుడు ఒక్కోసారి ఒక్కో వైపు తిరుగుతూ వచ్చేది. స్పిన్ బౌలర్ వేసిన బంతిలా గాలిలో వంకర తిరిగేది. ఏ వైపు తిరుగుతుందో కాల్చినవాడికి కూడా తెలియదు.

ఈ సంగతి లెక్కగా పట్టుకున్నవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త. 1742లో తుపాకీ విద్య మీద పుస్తకం రాశాడు. ఒక తుపాకీ గొట్టం చివరను కొంచెం ఎడమకు వంచి, వరుసగా కాగితం తెరలు కట్టి కాల్చి చూపించాడు. గుండు మొదట ఎడమకే పోయి, దూరం వెళ్ళాక కుడి వైపు తిరిగింది. గొట్టం గోడకు రాసుకుని తిరుగుడు పట్టిందని, ఆ తిరుగుడే గాలిలో దారి మళ్ళించిందని చెప్పాడు. 1747లో రాయల్ సొసైటీకి, గాళ్ళున్న గొట్టాల రహస్యం తెలుసుకున్న దేశానిదే యుద్ధంలో పైచేయి అవుతుందని రాశాడు. ఆయన ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మన పక్కకే వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు. మద్రాసు రైల్లో పోతూ ఆ పేరు తలచుకునే వాళ్ళు ఎవరుంటారు!

సాంఘిక శాస్త్రంలో 1857 తిరుగుబాటు పాఠం అందరం బట్టీ పట్టాం. “కొవ్వు పూసిన తూటాలు” అని రాస్తే ఒక మార్కు. ఆ కొవ్వు ఎందుకు పూశారో ఏ గైడులోనూ లేదు. ఆ ఎన్‌ఫీల్డ్ తుపాకీకి గొట్టంలో మూడు గాళ్ళు ఉండేవి. మందు, తూటా రెండూ గొట్టం మూతి నుంచే దట్టించాలి. తూటా గాళ్ళను పట్టుకోవాలంటే గొట్టానికి దగ్గరగా సరిపోయి ఉండాలి, అలా సరిపోయినది కాలిన మందు మసి పట్టిన గొట్టంలోకి సులువుగా దిగదు. అందుకని కాగితం చుట్టి కొవ్వు పూశారు. మందు పోయడానికి ఆ కాగితం కొసను పళ్ళతో కొరకాలి. ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట అక్కడి నుంచి పుట్టి సిపాయిల గుండెల్లో నిప్పు పెట్టింది. తిరుగుబాటుకు కారణాలు ఇంకా చాలా ఉన్నాయి. కానీ తూటా తిరగాలన్న ఒక్క అవసరం మన పాఠంలో ఆ వాక్యం దాకా వచ్చిందని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యమేసింది.

ఎంత తిరగాలి?

ఆ ఎన్‌ఫీల్డ్‌లో గాడి 78 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. గొట్టం పొడవు 39 అంగుళాలు. అంటే తూటా గొట్టంలో సరిగ్గా అర చుట్టు తిరిగి బయటపడుతుంది. లావుగా, పొట్టిగా ఉన్న తూటా కనుక అది చాలింది. తరువాత వచ్చిన త్రీనాట్‌త్రీ, అంటే మన పోలీసుల భుజాల మీద చాలాకాలం చూసిన .303 రైఫిలు, 10 అంగుళాలకే ఒక చుట్టు తిప్పుతుంది. ఎందుకంటే దాని తూటా సన్నం, పొడవు. పొడవు పెరిగేకొద్దీ గాలికి పల్టీ కొట్టించడం సులువు, కాబట్టి తిరుగుడు ఎక్కువ కావాలి.

1879లో గ్రీన్‌హిల్ అనే లెక్కల ప్రొఫెసర్ దీనికి ఒక చిన్న సూత్రం ఇచ్చాడు. తూటా వ్యాసం వర్గాన్ని 150తో హెచ్చించి, తూటా పొడవుతో భాగిస్తే, ఎంత పొడవుకు ఒక చుట్టు ఉండాలో వస్తుంది. .303 తూటా వ్యాసం 7.9 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 32.5. లెక్క వేస్తే 288 మిల్లీమీటర్లు వస్తుంది. అసలు రైఫిల్లో ఉన్నది 254. కొంచెం ఎక్కువే తిప్పారు, భద్రత కోసం.

మా .22 సంగతికొస్తే, మామూలుగా ఆ రకం గొట్టాల్లో 16 అంగుళాలకు, అంటే 406 మిల్లీమీటర్లకు ఒక చుట్టు. తూటా సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. భాగిస్తే సెకనుకు 800 చుట్లు, నిమిషానికి 48 వేలు. మన హాస్టల్ ఫ్యాను, కరెంటు ఉన్న రోజున, నిమిషానికి మూడు నాలుగు వందలు తిరుగుతుంది. .303 తూటా నిమిషానికి లక్షా 75 వేల చుట్లు తిరుగుతుంది.

దగ్గర ఒక మాట, దూరం ఒక మాట

ఇప్పుడు అసలు ప్రశ్న. తూటా నిలకడ గురి మీద ఏ దూరంలో ఎంత పని చేస్తుంది?

చాలామంది అనుకునేది ఏమిటంటే, తూటా బయల్దేరినప్పుడు బాగానే ఉండి, పోగా పోగా బొంగరంలా అలసిపోయి, చివర తూలుతుందని. మేమూ అలాగే అనుకున్నాం. నిజం దాదాపు తలకిందులు. తూటాకు అన్నిటికంటే కష్టమైన ఘడియ గొట్టం మూతి దాటిన మొదటి కొద్ది మీటర్లే. అప్పుడే వేగం ఎక్కువ, కాబట్టి పల్టీ కొట్టించే గాలి తోపు కూడా అప్పుడే ఎక్కువ. పైగా వెనక నుంచి తన్నే పొగ ఒక పక్కన ఎక్కువ తన్నితే ముక్కు ఊగుతుంది. తరువాత వేగం గబగబా తగ్గుతుంది, గాలి తోపు తగ్గుతుంది. తిరుగుడు మాత్రం నెమ్మదిగా తగ్గుతుంది, నేల రాపిడి లేదని ముందే చెప్పుకున్నాం కదా. అందువల్ల మొదట్లో నిలదొక్కుకున్న తూటా దూరం పోయేకొద్దీ ఇంకా నికరంగా నిలబడుతుంది. మొదటి ఊగు తగ్గి తిన్నబడటాన్ని ఇంగ్లీషువాళ్ళు తూటా నిద్రపోయింది అంటారు, కదలనట్టు నిలిచి తిరిగే బొంగరానికి కూడా వాళ్ళు అదే మాట వాడతారు.

ఈ నిద్ర మాట నుంచే ఒక అపోహ పుట్టింది. వంద మీటర్ల దగ్గర చెదిరిన తూటాలు మూడు వందల దగ్గర మళ్ళీ దగ్గరికి వస్తాయని కొందరు షూటర్లు గట్టిగా నమ్ముతారు. ఊగే తూటా తిన్నటి గీత మీద కాక మెలికల తీగలా పోతుంది, నిజమే. కానీ ఆ మెలిక వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది. వంద మీటర్ల దగ్గర అయిదు సెంటీమీటర్లు విడిపోయిన తూటాలు వేరువేరు దిక్కుల్లో పోతున్నాయన్నమాట. మళ్ళీ కలుసుకోవాలంటే ఒకదాని దారి ఇంకొకదానికి తెలియాలి. ఊరు విడిచిపోయిన అన్నదమ్ములకైనా కలిసే దారి ఉంటుంది గానీ తూటాలకు లేదు.

25 గజాల దగ్గర నిలకడ వల్ల వచ్చే చిన్న తేడాలు కంటికి కనిపించవు. మా .22 తూటా కాగితం చేరేలోపు సుమారు 56 చుట్లు మాత్రమే తిరుగుతుంది. నిలకడ కొంచెం అటూ ఇటూ అయినా బెజ్జం గుండ్రంగానే పడుతుంది, గ్రూపింగూ పెద్దగా చెడదు. కాబట్టి ఇంత దగ్గరలో బెజ్జం పొడుగ్గా పడిందంటే నిలకడ కొంచెం తగ్గిందని కాదు, తూటా పూర్తిగా అడ్డం తిరుగుతోందని అర్థం.

వంద నుంచి మూడు వందల మీటర్ల మధ్య కథ మారుతుంది. ఊగుతూ పోయే తూటా గాలికి ఎక్కువ ఒళ్ళు చూపిస్తుంది, ఎక్కువ వేగం పోగొట్టుకుంటుంది. ఒక తూటా ఎక్కువ ఊగి, ఇంకొకటి తక్కువ ఊగితే, ఒకటి ఆలస్యంగా చేరి కిందకి, ఇంకొకటి ముందు చేరి పైకి తగులుతాయి. ఆలస్యమైన దాన్ని గాలివాటం కూడా ఎక్కువ తోస్తుంది. కాల్చినవాడు మాత్రం తన ఊపిరిని తిట్టుకుంటాడు.

అలాగైతే బాగా ఎక్కువ తిప్పేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. అక్కడే ఒక చిక్కుంది. ఏ తూటా గురుత్వ కేంద్రమూ సరిగ్గా నడిమధ్యన ఉండదు. అది వెంట్రుక మందంలో ఏడో వంతు, అంటే 0.01 మిల్లీమీటరు పక్కకు ఉందనుకోండి. గొట్టంలో ఉన్నంతసేపూ ఆ కేంద్రం చుట్లు తిరుగుతుంది. గొట్టం వదలగానే, తాడు తెగిన వడిసెల రాయిలా, ఆ క్షణంలో ఏ వైపు పోతోందో ఆ వైపు కొంచెం విసిరేస్తుంది. లెక్క కడితే, 12 అంగుళాల చుట్టున్న గొట్టంతో వంద మీటర్ల దగ్గర 2 సెంటీమీటర్లు, మూడు వందల దగ్గర 6 సెంటీమీటర్లు తప్పుతుంది. 7 అంగుళాల చుట్టుతో అదే తూటా 3.5 సెంటీమీటర్లు, 10.5 సెంటీమీటర్లు తప్పుతుంది. ఇక్కడ వేగంతో పని లేదు, మెలిక బిగువు ఒక్కటే లెక్క. తక్కువ తిప్పితే పల్టీ, మరీ ఎక్కువ తిప్పితే ఈ విసురు. అందుకే వంద మీటర్ల పోటీల్లో సూక్ష్మంగా గురి చూసేవాళ్ళు తూటా నిలబడటానికి సరిపోయేంత తిరుగుడే వాడతారు. దూరం కాల్చేవాళ్ళు పొడుగు తూటా వాడాలి కనుక బిగువు మెలిక తప్పదు.

అలాస్కా చలి, రెంటచింతల ఎండ

12 అంగుళాల గొట్టం, 7 అంగుళాల గొట్టం అని ఊరికే అనలేదు. అవి రెండూ అమెరికా సైన్యం వాడిన ఎమ్-16 రైఫిల్ కుటుంబంలోవే. దాని కథ మాకు బాగా నచ్చింది.

ఆ రైఫిలు మొదట తయారైనప్పుడు 14 అంగుళాలకు ఒక చుట్టు ఉండేది. మామూలు వాతావరణంలో బాగానే తగిలేది. అలాస్కా గడ్డచలిలో పరీక్షిస్తే తూటాలు చెదరడం మొదలయ్యాయి. రైఫిలు అదే, తూటా అదే. మారింది గాలి. చల్లని గాలి చిక్కగా ఉంటుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే మైనస్ 54 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 30 శాతం ఎక్కువ, అంటే తూటా ముక్కు మీద తోపు కూడా అంత ఎక్కువ. తూటా నిలకడను ఒక అంకెతో కొలుస్తారు. ఒకటి కంటే తక్కువైతే పల్టీ, ఒకటిన్నర దగ్గరుంటే నిశ్చింత. 14 అంగుళాల గొట్టంతో ఆ తూటాకు మామూలు గాలిలోనే ఆ అంకె ఒకటికి అటూ ఇటూగా వస్తుందని మేము కట్టిన లెక్క. మన నెలాఖరు జేబులాగా, ఒక్క చిన్న ఖర్చు పెరిగినా తట్టుకునే పరిస్థితి లేదు. చలి ఆ ఖర్చు పెంచింది.

1963లో గొట్టం మెలికను 12 అంగుళాలకు బిగించారు. నిలకడ తిరుగుడు వర్గంతో పెరుగుతుంది కనుక 14ను 12తో భాగించి వర్గం చేస్తే 1.36, అంటే 36 శాతం లాభం. చలి తినేసిన 30 శాతాన్ని అది తీర్చేసింది. 1980లలో ఇంకా పొడుగు తూటాలు తెచ్చారు, వాటిలో వెలుగు చిమ్ముతూ పోయే తూటా మరీ పొడుగు, దాని కోసం 7 అంగుళాల దాకా బిగించారు. అప్పుడు తూటా నిమిషానికి మూడు లక్షల పైన చుట్లు తిరుగుతుంది.

మన దగ్గర అలాస్కా చలి లేదు కాబట్టి ఆ భయం లేదు. రెంటచింతలలోనో, రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో గాలి తొమ్మిది శాతం పలచబడుతుంది. మనకు చెమట పడుతుంది గానీ తూటాకు మాత్రం హాయే.

వెయ్యి గజాల దగ్గర

ఇంత దూరం మేము ఎప్పుడూ కాల్చలేదు. అయినా చెప్పకపోతే విషయం సగమే అవుతుంది. ఇక్కడ రెండు సంగతులు బయటపడతాయి. ఒకటి, తిరుగుడే తూటాను పక్కకు లాగుతుంది. తూటా దారి కిందకు వంగుతున్నకొద్దీ ముక్కు కూడా వంగాలి. తిరిగే వస్తువు తోసిన వైపు పోదు కనుక ముక్కు రవ్వంత పక్కకు చూస్తూ వంగుతుంది, గాలి దాన్ని ఆ పక్కకే నెడుతుంది. కుడి మెలిక గొట్టమైతే కుడికి, .303లా ఎడమ మెలికైతే ఎడమకు. 25 గజాల దగ్గర దీని ఊసే ఉండదు. వెయ్యి గజాల దగ్గర మామూలు 7.62 సైనిక రైఫిలుకు సుమారు ఒక జానెడు ఉంటుంది.

రెండోది శబ్ద వేగం. సెకనుకు 340 మీటర్ల దగ్గరికి వేగం పడిపోయినప్పుడు తూటా మీద గాలి పీడనం పంపిణీ ఒక్కసారిగా మారుతుంది. అంతదాకా నిశ్చింతగా పోయిన తూటా అక్కడ మళ్ళీ ఊగడం మొదలుపెట్టవచ్చు. కొన్ని తూటాలు తట్టుకుంటాయి, కొన్ని అడ్డం తిరుగుతాయి. పోటీలకు వాడే .22 తూటాలను మొదటి నుంచీ శబ్ద వేగానికి తక్కువగానే పంపేది ఈ గడప దాటే పని లేకుండా చేయడానికే.

మళ్ళీ ఆ కాగితం దగ్గరికి

ఇదంతా చదివాక ట్రంకుపెట్టె తెరిచి స్కేలు పెట్టి కొలిచాం. గుండ్రటి మూడూ 5.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉన్నాయి, .22 తూటా వ్యాసం అంతే. పొడుగు బెజ్జాల్లో ఒకటి 8, ఇంకొకటి 10 మిల్లీమీటర్లు. వెడల్పు మాత్రం అదే 5.5. అంటే ఆ రెండు తూటాలూ కాగితాన్ని ముక్కుతో కాదు, పక్కతో తాకాయి. మనిషి చెయ్యి ఎంత వణికినా, ట్రిగ్గర్ ఎంత గుంజినా తూటాను గాలిలో అడ్డం తిప్పలేడు. అది గొట్టం చేసే పని. గాళ్ళు అరిగిపోయినా, గాళ్ళలో సీసం పేరుకుపోయినా తూటాకు సరైన పట్టు దొరకదు. శుభ్రం చేసే తాడు, కడ్డీ ఏళ్ళ తరబడి రాసుకుని మూతి అంచు ఒక పక్క తరిగినా, తూటా వదిలేటప్పుడు పొగ ఒక పక్కనే తన్నుతుంది. అడ్డం తిరిగిన తూటా గురి తప్పి జానెడు దూరం పోవడంలో వింత లేదు. నిజానికి మిగతా మూడూ రూపాయి బిళ్ళంత చోట పడటమే వింత. అలాంటి గొట్టంతో!

ఇంకొక సాక్ష్యం కూడా దొరికింది. ఆ రోజు అదే రైఫిలుతో వాడి తరువాత మేము కాల్చాం. మా కాగితం కూడా వాడి కాగితం వెనకే మడతపెట్టి ఉంది. మా గురి ఎలాగూ అంతంత మాత్రం, అయిదు బెజ్జాలూ అయిదు దిక్కుల్లో ఉన్నాయి, అందుకని దాన్ని శిక్షకుడు గానీ మేము గానీ రెండోసారి చూడలేదు. ఇప్పుడు చూస్తే అందులోనూ ఒకటి పొడుగ్గా ఉంది, 9 మిల్లీమీటర్లు.

ఈ ఏడాది మన హాస్టల్ నుంచి కాలేజీలకు పోయిన తమ్ముళ్ళలో కొందరు యూనిఫాం వేసుకున్నారని తెలిసింది. వాళ్ళకు ఒక్క మాట. ఫైరింగయ్యాక కాగితం చేతికిచ్చినప్పుడు ఎక్కడ తగిలిందో చూసుకోవడానికి ముందు ఎలా తగిలిందో చూసుకోండి. బెజ్జాలన్నీ గుండ్రంగా ఉండి చెదిరితే ఊపిరి, ట్రిగ్గర్, పట్టు సరిచేసుకోవాలి, అది మన పనే. ఒక్కటి పొడుగ్గా ఉన్నా సరే, సావధాన్‌లో నిలబడి, “సార్, రైఫిలు మార్చి ఇంకో అయిదు ఇప్పించండి” అని అడగండి. పక్కవాడి కాగితం కూడా తెచ్చి చూపించండి. అడగడానికి మాకు ఆ రోజు నోరు రాలేదు. అడగాలన్న సంగతే తెలియదు.

మా మిత్రుడు ఇప్పుడు బి.ఇడి. అయిపోయి డీఎస్సీకి చదువుతున్నాడు. పోయిన నెల ఫోన్ చేసి ఈ లెక్కలన్నీ చెప్పాం. గొట్టం మూతి, పొగ, మిల్లీమీటర్లు అన్నీ. అంతా విని, “ఇప్పుడు చెప్తే ఏం లాభం రా” అని నవ్వాడు. కాసేపు వాళ్ళ ఊరి వానల గురించి, మా స్కాలర్‌షిప్పు గురించి మాట్లాడాడు. ఫోన్ పెట్టేసే ముందు, ఆ కాగితం ఫోటో తీసి పంపమన్నాడు. పక్కన స్కేలు పెట్టి తీయమని కూడా చెప్పాడు. అలాగే తీసి పంపాం.